యూరియా నేలని చంపేసిందా? కోవూరు మాగాణి చెప్పే లెక్క

కోవూరు నుంచి ఇంకో ఎపిసోడ్. ఈసారి టాపిక్ మన కాళ్ళ కిందే ఉంది.

పెన్నకి ఉత్తరపు ఒడ్డున ఏ ఊరి టీ కొట్టు దగ్గరైనా ఒక అరగంట కూర్చోండి. రెండు మాటలు వినపడతాయి. ఒక పెద్దాయన, "యూరియా పోసి పోసి నేలని చంపేశారయ్యా" అంటాడు. పక్కనే ఇంకో రైతు, "యూరియా లేకుండా ఎకరాకి ఎన్ని పుట్లు తీస్తావో తీసి చూపించన్నా" అంటాడు. 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం జనం క్యూలు కట్టారు, నిలబడలేక చెప్పులు వరసలో పెట్టారు. ఆ వీడియోలు మీ ఫోన్లలో కూడా వచ్చే ఉంటాయి. నిజంగా నేలని చంపేదే అయితే దానికోసం అంత పొద్దున్నే లేచి ఎందుకు నిలబడతాం? మంచిదే అయితే పెద్దాయన బాధ ఎక్కడిది?

ఈ గొడవని ఒక సైన్సు ప్రశ్నగా మార్చి చూద్దాం. బయట నుంచి నత్రజని వేస్తే నేలలోని కర్బనం పెరుగుతుందా, తగ్గుతుందా? నూరేళ్ళకి పైగా జనం పొలాల్లో ప్రయోగాలు పెట్టి మరీ అడిగిన ప్రశ్న ఇది. జవాబు ఒక్క లైన్‌లో రాదు. అందుకే ఈ వీడియో.

ముందు కర్బనం ఎందుకు ముఖ్యమో చూద్దాం. నేలలో కుళ్ళిన వేర్లు, గడ్డి, పేడ, సూక్ష్మజీవుల శవాలు అన్నీ కలిసి నల్లటి జిగురు పదార్థం అవుతుంది. దాన్నే సేంద్రియ పదార్థం అంటారు. దాంట్లో సగానికి పైగా కర్బనమే. నీళ్ళు పట్టి ఉంచేది, పోషకాలు కొట్టుకుపోకుండా ఆపేది, మట్టిని గుల్లగా ఉంచేది అదే. ప్రపంచం మొత్తం మీద నేల పైపొర ఒక్క మీటరులో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల కర్బనం ఉందని అంచనా. గాలిలో ఉన్న కర్బనం కన్నా ఇది ఎక్కువ. కాబట్టి ఇది రైతు సమస్య మాత్రమే కాదు, వాతావరణం సమస్య కూడా.

ఇప్పుడు చిన్న లెక్క. భయపడకండి, టెన్త్ క్లాసు లెక్కే. ఒక టన్ను వరిగడ్డి తీసుకోండి. అందులో సుమారు 400 కిలోల కర్బనం, 6 కిలోల నత్రజని ఉంటాయి. నేలలో స్థిరంగా ఉండే సేంద్రియ పదార్థంలో మాత్రం 12 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. గడ్డి కుళ్ళేటప్పుడు ఎక్కువ కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. నేలలో 120 కిలోలు మిగిలాయి అనుకుందాం. దానికి 10 కిలోల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 6. మిగతా 4 కిలోలు ఎవరో ఒకరు ఇవ్వాలి. లేకపోతే సూక్ష్మజీవులు పాత సేంద్రియ పదార్థాన్నే తవ్వుకుని తింటాయి, లేదా మన పైరుకి అందాల్సిన నత్రజనిని లాక్కుంటాయి. పచ్చిగడ్డి దున్నిన కొన్నాళ్ళకి పైరు పసుపు రంగుకి తిరగడం చూశారా? ఆ లాగుడు ప్రభావమే అది.

అంటే నత్రజని లేకుండా నేలలో కర్బనం దాచలేం. ఇది పాయింట్ నంబర్ వన్. కానీ అదే నత్రజని సూక్ష్మజీవులకి బలం ఇచ్చి, ఉన్నదాన్ని ఇంకా తొందరగా కరిగించవచ్చు కూడా. ఇది పాయింట్ నంబర్ టూ. మొత్తం చరిత్ర ఈ రెండింటి మధ్య నడిచిన తగువే.

సరే, వెనక్కి వెళ్దాం. నెల్లూరు దగ్గర పెన్న మీద ఆనకట్ట 1855లో వచ్చింది. 1880ల్లో సంగం ఆనకట్ట కట్టారు. దాని కాలవ నీళ్ళు కనిగిరి రిజర్వాయర్ మీదుగా కోవూరు వైపు పొలాలకి వచ్చాయి. మాగాణి పెరిగింది. మొలగొలుకులు అనే సన్న రకంతో నెల్లూరు బియ్యానికి పేరొచ్చింది. అప్పుడు యూరియా లేదు. మరి నత్రజని ఎక్కడిది?

పశువుల పెంట. పొలంలో రాత్రిపూట గొర్రెల మంద కట్టడం. చెరువు మట్టి తోలడం. జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూత దశలో మడిలో దున్నేయడం. నూనె తీసిన పిండి. వరదతో వచ్చే ఒండ్రు. ఇవన్నీ నత్రజనిని ఒంటరిగా తీసుకురావు. ప్రతిదీ కర్బనాన్ని కూడా వెంటబెట్టుకుని వస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో దీనితోనే పని పడుతుంది.

ఇంకొక రహస్య సప్లయర్ ఉంది. ఎరువు వేయని వరి మడి కూడా ఏటేటా ఎంతో కొంత పండుతూనే ఉంటుంది. ఎందుకు? పి.కె. డే అనే భారతీయ శాస్త్రవేత్త 1939లో రాయల్ సొసైటీ పత్రికలో జవాబు రాశారు. మడి నీళ్ళలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకి ఇస్తుంది. నాచు చచ్చాక దాని ఒంట్లో ఉన్న కర్బనం కూడా ఆ మట్టిలోకే. మన మాగాణికి ఉచితంగా వచ్చిన వరం అది.

అలాగని పాత రోజులన్నీ బంగారమేం కాదు. బ్రిటిష్ ప్రభుత్వం జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తని 1889లో ఇండియాకి పంపింది. 1893లో ఆయన రిపోర్టు వచ్చింది. కట్టెలు దొరక్క రైతులు పేడని పిడకలు చేసి కాలుస్తున్నారు, నూనెగింజలూ ఎముకలూ ఓడలెక్కి పోతున్నాయి, వాటితోపాటే నేల సారం కూడా పోతోంది అని ఆయన గొడవ. అంటే యూరియా పుట్టకముందే నేల ఖాళీ అవుతోంది! పెద్దాయనతో మాట్లాడేటప్పుడు ఈ చాప్టర్ మర్చిపోకూడదు.

అప్పట్లో మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. వ్యవసాయ శాస్త్రానికి మన హెడ్డాఫీసు కోయంబత్తూరు. అక్కడ 1909లో కొన్ని మడులు విడదీసి, ఒకదానికి ఏమీ వేయకుండా, ఒకదానికి నత్రజని మాత్రమే, ఒకదానికి పశువుల ఎరువు, ఇలా ఏటా అదే పద్ధతిలో వేస్తూ పోయారు. భాగవతుల విశ్వనాథ్ లాంటి వాళ్ళు అక్కడ రసాయన శాస్త్రవేత్తలుగా పనిచేశారు. ఢిల్లీలో ఇప్పుడు పూసా ఇన్‌స్టిట్యూట్ అంటున్న సంస్థకి మొదటి భారతీయ డైరెక్టర్ అయింది ఆయనే. నూరేళ్ళు దాటిన ఆ ప్రయోగంలో కనపడింది సింపుల్: ఒట్టి నత్రజని వేసిన మడి వెనకబడింది, పశువుల ఎరువు వేసిన మడిలో కర్బనం పైన నిలిచింది. మన నెల్లూరులో వరి పరిశోధన కేంద్రం 1937లో మొదలైంది. అంటే ఈ ప్రశ్న మన ఇంటి గడప దాకా ఎప్పుడో వచ్చింది.

ఇంతలో జర్మనీలో ఇంకో కథ నడిచింది. ఫ్రిట్జ్ హాబర్ 1909లోనే గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తీసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో ఒప్పావ్‌లో ఉత్పత్తి మొదలైంది. చూశారా, ఒకే ఏడాది, 1909. కోయంబత్తూరులో ప్రశ్న, జర్మనీలో బస్తా. ఆ అమ్మోనియా మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాలకి పోయింది, ఆ తర్వాత పొలాలకి వచ్చింది.

మన దేశంలో సింద్రీ ఫ్యాక్టరీ 1951లో అమ్మోనియం సల్ఫేట్ తీయడం మొదలుపెట్టింది. విశాఖలో కోరమాండల్ ఫ్యాక్టరీ 1967లో వచ్చింది. కానీ నాటు రకాలకి ఎక్కువ నత్రజని వేస్తే ఏమవుతుంది? పొడుగ్గా పెరిగి పడిపోతాయి. పైగా అగ్గితెగులు. బస్తా ఉన్నా దాన్ని తట్టుకునే పైరు లేదు.

ఆ పైరు 1966 నవంబర్‌లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. పేరు ఐఆర్-8. పొట్టిది, పడిపోదు. మందు లేకుండానే హెక్టారుకి 5 టన్నుల దాకా, దండిగా వేస్తే 10 టన్నుల దగ్గరికి వచ్చిందని అక్కడి ప్రయోగాల్లో తేలింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని వేసి, విత్తనాన్ని మిగతా రైతులకి అందించారు. అక్కడ నుంచి డెల్టాలన్నీ మారిపోయాయి. ఆకలి తగ్గింది. ఇది చిన్న విషయం కాదు. మన తాతల తరంలో చాలామందికి రెండు పూటలా వరన్నం పండక్కి తినే తిండి.

ఇక్కడ కర్బనం వైపు నుంచి చూడండి. పైరు రెట్టింపు పెరిగితే వేర్లు, కొయ్యకాళ్ళు కూడా పెరిగాయి. నేలకి అందే కర్బనం పెరగాలి కదా? పెరిగింది కూడా. మరి పెద్దాయన ఎందుకు అలా అంటున్నాడు?

2007లో అమెరికాలో పెద్ద బాంబు పడింది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1876 నుంచి నడుస్తున్న మారో ప్లాట్స్ అనే పొలం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు రికార్డులు తీసి, పంటకి కావాల్సిన దానికన్నా ఎక్కువ రసాయన నత్రజని దశాబ్దాల పాటు వేసిన చోట, అంత చెత్త నేలలో కలిపినా కర్బనం తగ్గిందని రాశారు. సూక్ష్మజీవులకి నత్రజని ఎక్కువై కర్బనాన్ని తినేశాయని వాళ్ళ వాదన. మన పెద్దాయన మాటే, ఇంగ్లీషులో.

వెంటనే ఎదురు వాదన వచ్చింది. తగ్గింది సరే, నత్రజని వేయని మడిలో ఎంత తగ్గిందో చూశారా? దేనితో పోలుస్తున్నారు? 2011లో ఇంకో బృందం ప్రపంచవ్యాప్తంగా 114 దీర్ఘకాల ప్రయోగాల్ని కలిపి చూసింది. దున్ని సాగు చేసే నేలలో కర్బనం మామూలుగా తగ్గుతూనే ఉంది. కానీ నత్రజని వేసిన చోట్ల, వేయని చోట్ల కన్నా కొంచెం ఎక్కువే మిగిలింది. పశువుల ఎరువు కూడా కలిసిన చోట ఇంకా బాగా మిగిలింది. అంటే ఇద్దరిదీ సగం సగం నిజం. నత్రజని కారుతున్న కుండకి చిల్లు పూర్తిగా మూయదు, ధార సన్నం చేస్తుంది. కుండ నిండాలంటే పైనుంచి వేరే ఏదో పోయాలి.

మన దేశంలోనూ 1970లో దీర్ఘకాల ఎరువుల ప్రయోగాలు మొదలుపెట్టారు. వేర్వేరు రకాల నేలలు, వేర్వేరు పంటలు, పద్ధతి ఒకటే. తెలుగు నేలలో హైదరాబాద్, తర్వాత జగిత్యాల ఆ జాబితాలో ఉన్నాయి. అన్నిటికన్నా భయపెట్టే పాఠం హిమాచల్‌లోని పాలంపూర్‌ది. అక్కడిది ఆమ్ల నేల. ఏళ్ళ తరబడి ఒట్టి నత్రజనే వేసిన మడిలో నేల ఇంకా పుల్లబడి, చివరికి పంటే రాని స్థితికి వచ్చింది. అమ్మోనియం నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది, అదీ కారణం. ఇక్కడ "నేల చచ్చింది" అనే మాట అక్షరాలా నిజం. కానీ నీళ్ళు కట్టిన మాగాణిలో పిహెచ్ 7 వైపుకి జరుగుతుంది. కాబట్టి పాలంపూర్ భయాన్ని తెచ్చి కోవూరు మీద అలాగే పెట్టలేం.

మరి కోవూరుకి దగ్గరి పోలిక ఎక్కడ? ఐఆర్-8 పుట్టిన చోటే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఒక మడి ఉంది. 1960ల నుంచి ఆపకుండా వరి మీద వరి. ఏడాదికి మూడు పంటలు. గడ్డి తీసేస్తారు, నత్రజని వేస్తారు. మన రబీ, ఎడగారు రెండు పంటలకే నేల అలిసిపోయింది అనుకుంటాం. అక్కడ మూడు!

అక్కడ కర్బనం పడిపోలేదు. నిలబడింది. ఎందుకంటే నీళ్ళ కింద ఆక్సిజన్ లేదు, కుళ్ళడం నెమ్మది. వేర్లు, కొయ్యకాళ్ళు, నాచు ఇచ్చేదే సరిపోయింది. కానీ ట్విస్ట్ ఏంటంటే, కర్బనం బాగానే ఉన్నా దిగుబడి 1990 దాకా జారుతూ వచ్చింది. కారణం తవ్వితే తేలింది ఇది: ఎప్పుడూ నీళ్ళలో నానే నేలలో గడ్డిలోని లిగ్నిన్ సరిగ్గా కుళ్ళక, నత్రజనిని తనలో కట్టేసుకుంటోంది. బ్యాంకులో డబ్బుంది, ఏటీఎం పనిచేయట్లేదు. 1990ల మొదట్లో నేలని ఆరనిచ్చి, నత్రజని మోతాదూ వేసే సమయమూ సరిచేశాక దిగుబడి మళ్ళీ లేచింది.

కోవూరుకి ఇదే అసలు పాఠం. మాగాణిలో యూరియా కర్బనాన్ని తినేస్తోంది అనడానికి ఆధారం బలంగా లేదు. కర్బనం ఎంత ఉంది అన్నదానితో పాటు అది ఏ రకంది, పంటల మధ్య నేలకి ఊపిరి దొరికిందా అన్నది కూడా ముఖ్యం. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. నీళ్ళ కింద కర్బనం దాచే అదే మడి మీథేన్ వదులుతుంది. ఎక్కువైన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. నూరేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 270 రెట్లు వేడి పట్టే వాయువు. కాబట్టి "నేలలో కర్బనం దాచాం" అని జబ్బలు చరుచుకునే ముందు రెండో వైపు కూడా లెక్క చూడాలి.

ఇప్పుడు పెద్దాయన దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన చూసింది అబద్ధం కాదు. ఆయన కళ్ళ ముందు యూరియా వచ్చింది. అదే కాలంలో ఇంకేం పోయాయో చూడండి. ట్రాక్టర్ వచ్చి ఎద్దులు పోయాయి. ఎద్దులతో పెంట పోయింది. గొర్రెల మంద కట్టడం తగ్గింది. రెండో పంట కోసం జీలుగకి సందు లేకుండా పోయింది. పైన సోమశిల డ్యాం నీళ్ళు ఇచ్చింది కానీ ఒండ్రులో కొంత అక్కడే ఆపుకుంది. కోత మెషిన్ వచ్చింది, గడ్డి కట్టలు కట్టి లారీ ఎక్కడమో, పొలంలోనే నిప్పు పెట్టడమో మొదలైంది. పాత ఎరువులు నత్రజనితో పాటు కర్బనాన్ని తెచ్చేవి అన్నాను కదా. యూరియా బస్తాలో నేలకి నిలిచే కర్బనం లేదు. మనం నత్రజనిని మార్చుకున్నాం, కర్బనం తెచ్చే బండిని ఇంటికి పంపేశాం. తప్పు బస్తా మీద వేశాం.

దీనికి ప్రభుత్వ ధరలు కూడా తోడయ్యాయి. 1992లో ఫాస్ఫేట్, పొటాష్ ఎరువుల మీద కంట్రోల్ ఎత్తేశారు, వాటి ధర పెరిగింది. యూరియా మాత్రం కంట్రోల్‌లోనే ఉండిపోయింది. చవగ్గా దొరికేదే రైతు ఎక్కువ వేస్తాడు, అందులో అతని తప్పేముంది? దేశంలో యూరియా వాడకం ఇప్పుడు ఏడాదికి 350 లక్షల టన్నులు దాటింది. మడిలో వేసిన దాంట్లో పైరుకి అందేది మామూలుగా 30 నుంచి 40 శాతమే. 2015లో మొత్తం యూరియాకి వేప పూత తప్పనిసరి చేసింది అందుకే.

"అయితే మొత్తం ఆపేద్దాం" అనే కామెంట్ వస్తుందని తెలుసు. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపింది. వరి దిగుబడి పడిపోయింది, నవంబర్‌లో వెనక్కి తగ్గింది. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు ఉన్నారు, వాళ్ళు నేలకి కర్బనం తెచ్చే దారులు ముందు వేసుకుని తర్వాత బస్తా తగ్గించుకుంటున్నారు. వరస అదే ఉండాలి.

చివరగా ఇంటికి తీసుకెళ్ళే లెక్క ఒకటి. మీ నాన్న దగ్గర సాయిల్ హెల్త్ కార్డు ఉంటే తీసి, సేంద్రియ కర్బనం అనే గడి చూడండి. 0.5 శాతం కన్నా తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. 0.5 అనుకుందాం. ఎకరాలో పైపొర 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు. అంటే 4,500 కిలోల కర్బనం. 12కి ఒకటి చొప్పున దాంతో పాటు దాదాపు 375 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోలు. అంటే మీ ఎకరం మట్టిలో ఇప్పటికే 18 బస్తాలు దాగి ఉన్నాయి! ఏటా కొద్దికొద్దిగానే విడుదలవుతాయి. అయినా యూరియా వేసిన పైరు కూడా తన నత్రజనిలో సగానికి పైగా నేల నుంచే తీసుకుంటుందని ఐసోటోప్ ప్రయోగాల్లో చూశారు.

ఇప్పుడు గడ్డి సంగతి. ఎకరాకి రెండున్నర టన్నుల గడ్డి కాల్చామంటే ఒక టన్ను కర్బనం, దాదాపు 15 కిలోల నత్రజని పొగలో పోయాయి. అది ముక్కాలు బస్తా యూరియా. ఒకవైపు ముక్కాలు బస్తా కాల్చి, ఇంకోవైపు బస్తా కోసం క్యూలో నిలబడుతున్నాం. గడ్డి దున్నేటట్టయితే నీళ్ళు పెట్టే ముందే, నేల ఆరి ఉన్నప్పుడు దున్నండి. నీళ్ళలో కలిపితే మీథేన్ ఎక్కువ, పైరు కూడా పసుపు తిరుగుతుంది. పంటల మధ్య నెలన్నర దొరికితే జీలుగో పిల్లిపెసరో చల్లండి. గాలి నుంచి నత్రజనినీ, కర్బనాన్నీ రెండూ తెచ్చేది అది. ఆ నమ్మకం కుదిరాక, కార్డు చూసి, వ్యవసాయ అధికారిని అడిగి, బస్తా తగ్గించండి.

సో, యూరియా నేలని చంపిందా? మన మాగాణిలో ఒంటరిగా చంపలేదు. కానీ దాన్ని ఒంటరిగా వదిలేస్తే నేలని నిలబెట్టనూ లేదు. టీ కొట్టు దగ్గర ఇద్దరికీ ఈ వీడియో పంపండి, మీ కార్డులో కర్బనం ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి. ఊరి పేరు కూడా రాయండి, పెన్నకి ఈ ఒడ్డు, ఆ ఒడ్డు పోల్చి చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.